అబర్డీన్‌లో కలివికోడి గుడ్డు

పోయిన నెల ఇదే పేజీలో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వారి ప్రకృతి చరిత్ర మ్యూజియం గురించి నాలుగు మాటలు రాశాను. మా అబ్బాయి ఉద్యోగం అక్కడ కావడంతో ఆరు నెలలు వాళ్ళింట్లో ఉన్నాను. వారానికి ఒకసారైనా ఆ మ్యూజియానికి నడిచి వెళ్ళేదాన్ని. ఒక యూనివర్సిటీ తన పరిశోధన కోసం కూడబెట్టుకున్న వస్తువులను దారినపోయే వాళ్ళందరికీ ఉచితంగా చూపిస్తోందని రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈ నెల పేజీ మొత్తం వాటికే. కొత్తగా చదివేవారికి ఒక మాట: నేను గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లో 31 ఏళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటోంది. మే నెలలో వెళ్తున్నాం. మనవరాలికి ఏడేళ్ళు, మనవడికి పదేళ్ళు. మీరు రాసిన మ్యూజియానికి ఒక్క రోజు చాలుతుందా? టికెట్ ఎంత? పిల్లలకు ఏం చూపించాలి? (తణుకు నుంచి ఒక అమ్మమ్మ)

టికెట్ లేదమ్మా. రెడింగ్ నుంచి రైల్లో అరగంట. స్టేషన్‌లో దిగి నడిస్తే ఇంకో పాతిక నిమిషాలు.

లోపలికి వెళ్ళగానే పిల్లలు ఎముకల గూళ్ళ వైపు పరుగెడతారు. పరుగెత్తనివ్వండి. మీరు మాత్రం ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూడండి. పైనంతా గాజు కప్పు, దాన్ని మోసే ఇనుప స్తంభాలు. 1860లో తెరిచిన భవనం అది. చుట్టూ వరండాలో రాతి స్తంభాలు ఉంటాయి. బ్రిటన్‌లో దొరికే రాళ్ళలో ఒక్కో రకంతో ఒక్కో స్తంభం. అది ఏ రాయో, ఏ ఊరిదో అక్కడే చెక్కి ఉంటుంది. స్తంభాల తలల మీద ఆకులూ పూలూ కనిపిస్తాయి. అవి ఊహించి చెక్కినవి కావు. ఐర్లండు నుంచి వచ్చిన ఓషే సోదరులు యూనివర్సిటీ తోట నుంచి తాజా మొక్కలు తెప్పించుకుని, వాటిని ఎదురుగా పెట్టుకుని చెక్కారు. భవనం తెరిచిన ఏడాదే, జూన్ 30న, డార్విన్ సిద్ధాంతం మీద, దాన్ని సమర్థించిన శాస్త్రవేత్త హక్స్‌లీకి, వ్యతిరేకించిన బిషప్ విల్బర్‌ఫోర్స్‌కి వాదన జరిగింది ఇక్కడే. ఏటా పరిణామ సిద్ధాంతం పాఠంలో ఆ వాదన చెప్పినదాన్ని. మొదటిసారి ఆ గోడల మధ్య నిలబడ్డప్పుడు నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

పదేళ్ళ బాబుకి మెగలోసారస్ దవడ ఎముక చూపించండి. పెద్ద పెద్ద అస్థిపంజరాల మధ్య అది చిన్నగా ఉంటుంది, వెతుక్కోవాలి. 1824లో విలియం బక్‌లాండ్ దానికి పేరు పెట్టాడు. శాస్త్రీయంగా పేరు పెట్టించుకున్న మొట్టమొదటి డైనోసార్ అదే. అప్పటికి డైనోసార్ అనే మాటే పుట్టలేదు. అది 1842లో వచ్చింది. ఈ సంగతి చెప్పి, ఆ తర్వాత ఎముక చూపించండి. బయట పచ్చికలో పెద్ద పెద్ద అడుగులు కనిపిస్తాయి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆర్డ్‌లీ క్వారీలో దొరికిన డైనోసార్ అడుగులకు నకళ్ళు అవి. పాపను వాటి వెంబడి నడిపించండి. ముట్టుకుని చూడటానికి వీలుగా పెట్టిన వస్తువులు లోపల వేరే ఉన్నాయి, వాటి దగ్గర పాపకు గంట గడిచిపోతుంది.

మీరు వెళ్ళేది మే నెల కాబట్టి ఇంకొకటి కూడా చూడొచ్చు. భవనం గోపురంలో గాలి కోసం వదిలిన గూళ్ళలో స్విఫ్ట్ పిట్టలు గుడ్లు పెడతాయి. ఆఫ్రికా నుంచి వస్తాయి, ఆగస్టుకల్లా వెళ్ళిపోతాయి. 1948 నుంచి వాటిని ఏటా లెక్కపెడుతున్నారు. సాయంత్రం బయట నిలబడితే తల మీదుగా కీచుమంటూ తిరుగుతాయి.

వెనక వైపు తలుపులోంచి వెళ్తే పిట్ రివర్స్ మ్యూజియం వస్తుంది. మనుషులు వాడిన వస్తువులన్నీ అందులో ఉంటాయి. అదే రోజు అది కూడా చూద్దామనుకోకండి, చిన్నపిల్ల అలిసిపోతుంది.

ప్రశ్న: 70 లక్షల వస్తువులు ఉన్నాయని రాశారు. అందులో చూపించేవి కొన్ని వేలు. మిగిలిన సీతాకోకచిలుకలూ పిట్టలూ గుడ్లూ అన్నీ చంపి, సొరుగుల్లో మూసిపెట్టడం దేనికి? ఒక్కో రకానికి ఒకటి ఉంచితే చాలదా? ఇది పాపం కాదా? (అనంతపురం నుంచి ఒక పాఠకుడు)

పాపం సంగతి ముందు చెబుతాను. నేను ప్రతి సంవత్సరం కప్పలు కోయించాను. 2011లో యూజీసీ ఆ పద్ధతి తగ్గించమన్నప్పుడు మా స్టాఫ్ రూమ్‌లో కొందరు బాధపడ్డారు, నాకు మాత్రం బరువు దిగినట్టయింది. అవసరం లేకుండా ఒక్క ప్రాణిని కూడా చంపకూడదు. కానీ వందేళ్ళ క్రితం చంపినవి మన చేతిలో ఉన్నాయి. వాటిని పారేస్తే ఆ ప్రాణం రెండోసారి వృథా అయినట్టు. ఇది నా నమ్మకం.

ఎందుకు అన్ని, ఎందుకు అన్నాళ్ళు అన్నదానికి మూడు సంగతులు చెబుతాను.

ఆక్స్‌ఫర్డ్‌లో డోడో పక్షి తల, పాదం ఉన్నాయి. డోడో మారిషస్ దీవి పక్షి, 17వ శతాబ్దంలోనే అంతరించింది. ఎముకలు వేరే చోట్ల కూడా ఉన్నాయి గాని చర్మం మిగిలిన తల ప్రపంచంలో ఇదొక్కటే. ఒకప్పుడు పూర్తి పక్షి ఉండేది, పాడైపోతూ వచ్చి 1755 నాటికి ఇంతే మిగిలింది. 2002లో దీని నుంచి తీసిన డీఎన్‌ఏ చూసి, బతికున్న పక్షుల్లో డోడోకి దగ్గరి చుట్టం నికోబార్ పావురం అని తేల్చారు. అంటే మన దేశపు దీవుల్లో తిరిగే పావురమే. ఇంకో విశేషం. 1638లో లండన్‌లో డబ్బులు తీసుకుని బతికున్న డోడోను చూపించారు, ఈ తల దానిదే అయ్యుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2018లో స్కాన్ చేస్తే తల వెనక సీసం గుళ్ళు కనిపించాయి. ఎవరో తుపాకీతో కాల్చారు! ఇంతకాలం చెప్పుకున్న కథ తలకిందులైంది. 1755లో ఆ తలను దాచినవాళ్ళకి డీఎన్‌ఏ తెలియదు, స్కాన్ తెలియదు. అయినా దాచారు.

రెండోది గుడ్ల సంగతి. ఇంగ్లండులో పెరిగ్రిన్ డేగలు ఎందుకు తగ్గిపోతున్నాయో ఎవరికీ అర్థం కాని రోజుల్లో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయన పాత సేకరణల్లోని గుడ్ల పెంకులను కొత్త గుడ్లతో పోల్చాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి గుడ్ల పెంకులు పల్చబడిపోయాయి. 1967లో ఆయన ఆ సంగతి ప్రచురించాక కారణం డీడీటీ అనే పురుగుమందు అని రుజువవుతూ వచ్చింది. ఒక్కో రకానికి ఒక్క గుడ్డే ఉంచి ఉంటే ఈ పోలిక కుదిరేది కాదు.

మూడోది మన కథ, నాకు ప్రాణమైన కథ. మీది అనంతపురం కాబట్టి కడప కలివికోడి అనే పక్షి గురించి వినే ఉంటారు. నెల్లూరులో పనిచేసిన జెర్డన్ అనే డాక్టరు 1848 ప్రాంతంలో దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే, ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకున్నాడు. పక్షి దొరికింది కానీ గూడు ఎలా ఉంటుందో, గుడ్డు ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు.

ఆ గుడ్డు 2013లో బయటపడింది, స్కాట్లండులోని అబర్డీన్ యూనివర్సిటీ జువాలజీ మ్యూజియంలో! కోలార్ బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా పనిచేసిన మీటన్ అనే ఆయన 1917లో సేకరించిన గుడ్డు అది. ఆయన గుడ్లు స్కాట్లండులో ఒక స్కూలుకి చేరాయి, 1970లలో అక్కడి నుంచి యూనివర్సిటీకి వచ్చాయి. దాదాపు నలభై ఏళ్ళు అక్కడే ఉన్నాయి. అలాన్ నాక్స్ అనే మ్యూజియం మనిషి ఒక గుడ్డు దగ్గర ఆగి అనుమానపడ్డాడు. దాని డీఎన్‌ఏను ఇంకో మ్యూజియంలో ఉన్న పాత కలివికోడి చర్మంతో పోల్చారు. కలిసింది. ఇవాళ లోకంలో తెలిసిన కలివికోడి గుడ్డు అదొక్కటే. మన ముళ్ళపొదల్లో తిరిగే పక్షి గుడ్డు, ఒక బడి బీరువా దాటి, సముద్రాల అవతల ఒక యూనివర్సిటీలో భద్రంగా ఉంది. ఎవరు తెచ్చారో, ఎక్కడి నుంచి తెచ్చారో ఆ గుడ్లతో పాటు తెలుస్తూ వచ్చింది కాబట్టే ఎవరైనా దాన్ని పట్టించుకున్నారు. పేరూ ఊరూ లేని గుడ్డయితే అది ఉత్త పెంకు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. మా డిపార్ట్‌మెంటులో పాత మ్యూజియం గది ఉంది. 150 సీసాలు, కొన్ని అస్థిపంజరాలు, గడ్డి కూరిన పక్షులు నాలుగైదు. గది ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. ప్రిన్సిపాల్ గారు దీన్ని ఊళ్ళో స్కూళ్ళకు తెరుద్దామంటున్నారు. సున్నం వేయించడానికి డబ్బు కూడా ఇస్తానన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (విజయనగరం జిల్లా నుంచి)

మీ ప్రిన్సిపాల్ గారికి నా నమస్కారాలు చెప్పండి. కానీ సున్నం ఇప్పుడే వద్దు. ముందు రిజిస్టర్.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వినండి. నేను చాలాకాలం పనిచేసిన ఒక కాలేజీలో ఇలాంటి గదే ఉండేది. ఒకరోజు చేపలమ్మే ఒక పెద్దావిడ మనవరాలి ఫీజు కట్టడానికి వచ్చింది. గది తలుపు తీసి ఉంది. తొంగి చూస్తుంటే లోపలికి రమ్మన్నాను. ఒక పెద్ద సీసాలో చేప. మీద ఇంగ్లీషులో హిల్సా అని ఉంది. "అమ్మా, ఇది ఎప్పుడు పట్టారు, ఎక్కడ పట్టారు?" అని అడిగింది. సీసాలోపలి చీటీ చదివాను. జనవరి నెల, కాకినాడ రేవు. "అయితే ఇది విలస. పులస కాదు" అంది. సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరదనీటికి గోదావరి ఎక్కితేనే పులస. పాడవకుండా పోసిన ఫార్మలిన్‌లో రంగు పోయిన చేపను చూసి ఆ మాట చెప్పడం నాకూ సాధ్యం కాదు, ఆమెకూ సాధ్యం కాదు. చీటీ మీది నెలా, ఊరూ విని చెప్పింది. ఆమె మాట కూడా రిజిస్టర్‌లో రాశాను, ఆమె పేరుతో సహా.

తర్వాత డిపార్ట్‌మెంటు కొత్త బిల్డింగుకి మారింది. అప్పుడు నేను వేరే ఊళ్ళో ఉన్నాను. సీసాలు జాగ్రత్తగానే వచ్చాయట. 1958 నుంచి రాసుకొస్తున్న రిజిస్టర్ మాత్రం పాత కాగితాలతో పాటు పోయింది. సీసాలు శుభ్రం చేసి, పాత చీటీలు తీసేసి, అందంగా స్కెచ్ పెన్నుతో కొత్తవి అంటించారు. పాము. చేప. తేలు. నేను వెళ్ళి చూసినప్పుడు ఆ సీసా ముందు చాలాసేపు నిలబడ్డాను. చేప అలాగే ఉంది. అది విలసో పులసో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ పెద్దావిడ మాట కూడా పోయింది. చేసినవాళ్ళకి చెడ్డ ఉద్దేశం లేదు, శుభ్రంగా ఉండాలనే చేశారు. అయినా ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకని ముందు ప్రతి సీసాకీ నాలుగు వైపులా ఫోటో తీయించండి. చీటీలో ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా, రిజిస్టర్‌లో ఎక్కించండి. పాత చీటీ చిరిగినా, మరకపడినా తీయకండి. కొత్తది రాస్తే పాతదాని పక్కనే వేయండి. పెన్సిల్‌తో గాని ఇండియన్ ఇంకుతో గాని రాయాలి. బాల్ పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఒక నకలు కంప్యూటర్లో, ఒకటి లైబ్రరీలో ఉంచండి. తర్వాత వీలైతే ఆ వివరాలు జీబిఫ్ అనే అంతర్జాతీయ జీవవైవిధ్య జాబితాలో చేర్చే మార్గం చూడండి. డెన్మార్క్‌లో కూర్చున్నవాడు కూడా మీ సీసా గురించి తెలుసుకోగలడు. గది తెరవడం ఒక్కటే తెరవడం కాదు.

ఇక పిల్లలు వస్తారు కాబట్టి వాళ్ళ క్షేమం చూడాలి. ఫార్మలిన్ క్యాన్సర్ తెచ్చే పదార్థమని తేలిపోయింది. మూత సరిగా లేని సీసా ఒక్కటి కూడా ఆ గదిలో ఉండకూడదు. కిటికీలు తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. సీసాలు మార్చేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. నమూనాలను నీళ్ళలో కడిగి, క్రమంగా 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చితే మంచిది. దానికి ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి, పైగా అది అంటుకునే సరుకు. అనుమతి వచ్చేదాకా ఉన్న సీసాల మూతలు బిగించి, అంచుకి వ్యాజిలిన్ గాని మైనం గాని పట్టించండి.

గడ్డి కూరిన పక్షులను ఎవరూ ఒట్టి చేత్తో ముట్టుకోకుండా చూడండి. పాతకాలంలో పురుగు పట్టకుండా ఆర్సెనిక్ పూసేవారు. ముట్టుకోవడానికి వేరే బల్ల వేయండి. మేక పుర్రె, ఆవు దంతాలు, సముద్రపు గవ్వలు, పాము కుబుసం చాలు. గది అంతటికీ ఆ బల్ల దగ్గరే ఎక్కువ మంది చేరతారు.

జింక కొమ్ములు, పులి గోరు, తాబేలు డిప్పలాంటివి ఉంటే 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. గది తెరవకముందే మీ జిల్లా అటవీ అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. తెరిచాక ఊళ్ళోవాళ్ళు తాతలనాటి కొమ్ములు పట్టుకొచ్చి ఇస్తామంటారు. తీసుకోకండి, అటవీశాఖ దగ్గరికి పంపండి.

చీటీల మీద తెలుగు పేరు ఉండాలి. అది కూడా పుస్తకం తెలుగు కాదు, మీ జిల్లాలో పిలిచే పేరు. వంజరం, చందువ, కొరమేను, బొమ్మిడాయి. మీకు భీమిలి రేవు దగ్గరే కదా. నలుగురు జాలరులను పిలిచి టీ ఇచ్చి, చేపల సీసాల ముందు కూర్చోబెట్టండి. పిల్లలు రాసుకుంటారు. వాళ్ళు చెప్పింది వాళ్ళ పేరుతోనే రాయించండి.

మొదట నెలకు ఒక రోజే తెరవండి, రెండో శనివారం. చూపించేది మీరు కాదు, సెకండియర్ పిల్లలు. ఒక్కొక్కరికి మూడు సీసాలు. అప్పుడు సున్నం వేయించండి, కానీ సీసాలన్నీ నంబర్ల ప్రకారం సర్దాక.

ప్రశ్న: ఆదిలాబాద్‌లో డైనోసార్ ఎముకలు దొరికాయని మా తాతగారు చెబుతారు. నిజమేనా? అవి కూడా ఇంగ్లండు పట్టుకెళ్ళారా? (మంచిర్యాల నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి)

నిజం బాబూ, పట్టుకెళ్ళలేదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వారు. పి. యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మీ ఊరి పక్క పల్లె పేరు ప్రపంచమంతా చదివే శాస్త్రీయ నామంలో ఉంది! ఆ అస్థిపంజరం హైదరాబాదులో బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, తాతగారిని తీసుకెళ్ళి చూపించు.

ప్రాణహిత అవతల, మహారాష్ట్ర సిరోంచ వైపు పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) ఇంకొకటి దొరికింది. అది బారాపాసారస్ టాగోరై. బెంగాలీలో బారాపా అంటే పెద్ద కాలు. తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు కలిపారు. అది కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. లెక్కల సంస్థలో డైనోసార్ ఏమిటని అడుగుతారు. దాన్ని స్థాపించిన మహలనోబిస్ గారు భూగర్భశాస్త్రం కూడా అక్కడే ఉండాలని పట్టుబట్టి పెట్టించారు.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదో తరగతి. ఉప్పాడ బీచ్‌లో గవ్వలు ఏరతాను. డబ్బా నిండా ఉన్నాయి. నేను కూడా మ్యూజియం పెట్టొచ్చా? (పిఠాపురం)

పెట్టొచ్చు తల్లీ. ఖాళీ గవ్వలే ఏరు. లోపల ప్రాణం ఉన్నదాన్ని వెంటనే నీళ్ళలో వదిలెయ్యి. ఇంటికి తెచ్చి మంచినీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టు. డబ్బాలో ఇప్పటికే ఉన్నవాటిలో ఏది ఏ రోజు దొరికిందో గుర్తున్నంతవరకు ఇవాళే కాగితం మీద రాయి. గుర్తులేనివాటిని వేరే డబ్బాలో పెట్టు, అందులో "తేదీ తెలియదు" అని చీటీ వెయ్యి. ఊహించి రాయకు. రేపటి నుంచి ప్రతి గవ్వకూ ఒక చిన్న చీటీ పెన్సిల్‌తో: దొరికిన చోటు, తేదీ, నీ పేరు. గవ్వ పేరు తెలియకపోతే ఖాళీ వదులు, తర్వాత ఎవరైనా చెబుతారు. పది గవ్వలు చీటీలతో సహా సర్దాక ఫోటో తీసి నాకు పంపు. పేర్లు నాకు తెలిసినంతవరకు వచ్చే నెల రాస్తాను.